స్పోర్ట్స్ కారు కొత్త చక్రాలకు పెర్ఫార్మెన్స్ టైర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

చాలామంది ముందు నచ్చిన అలాయ్ వీల్ కొనేసి, ఆ తర్వాత దానికి పట్టే టైరు కోసం వెతుకుతారు. ఈ వరస తిరగబడాలి. కారుకు గ్రిప్ ఇచ్చేది టైరు, రిమ్ దాన్ని సరైన ఆకారంలో పట్టి ఉంచుతుంది. మీకు కావలసిన టైరు ఏయే సైజుల్లో దొరుకుతుందో, ఫెండర్ (మడ్‌గార్డ్) లోపల చోటెంతుందో ముందు తేల్చుకుని, దానికి తగిన రిమ్ ఎంచుకుంటే సగం చిక్కులు మొదలే కావు. రిమ్‌లు ఇప్పటికే కొనేసినా కింది లెక్కలన్నీ పనికొస్తాయి.

టైరు పక్కన రాసి ఉండే 225/45 ఆర్17 94 డబ్ల్యూ అంటే ఏమిటి?

225 అంటే ఒక పక్క గోడ నుంచి ఇంకో పక్క గోడ దాకా టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. నిర్ణీత వెడల్పున్న రిమ్ మీద బిగించి గాలి నింపి ఈ కొలత తీస్తారు. నేలకు ఆనే ట్రెడ్ వెడల్పు ఇది కాదు. అందుకే రెండు కంపెనీల 245 టైర్లు పక్కపక్కన పెడితే ఒకటి స్పష్టంగా లావుగా కనిపించవచ్చు. ట్రాక్ వైపు మొగ్గే టైర్లకు భుజాలు చతురస్రంగా ఉండి, అదే సైజులో ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి.

45 అంటే పక్క గోడ ఎత్తు వెడల్పులో 45 శాతమని. ఇక్కడ 101 మి.మీ. చిల్లర. ఆర్ అంటే రేడియల్, 17 అంటే రిమ్ వ్యాసం అంగుళాల్లో. 94 బరువు సూచిక: ఒక టైరు 670 కిలోలు మోయగలదు. 91 అయితే 615, 98 అయితే 750 కిలోలు. చివరి అక్షరం వేగానిది. వీ 240, డబ్ల్యూ 270, వై 300 కి.మీ. వేగం దాకా. మీరు ఆ వేగంతో వెళ్లరు కదా అని తక్కువ అక్షరం టైరు వేయకండి. కారు తయారీదారు చెప్పిన బరువు సూచికకు గానీ వేగ సూచికకు గానీ తగ్గకూడదు. ఎక్కువ ఉంటే ఇబ్బంది లేదు.

పాత టైరుతో పోలిస్తే కొత్త టైరు ఎత్తు ఎంత మారవచ్చు?

లెక్క సులువే. పక్క గోడ ఎత్తును రెండింతలు చేసి, రిమ్ వ్యాసాన్ని మిల్లీమీటర్లలోకి మార్చి (అంగుళం = 25.4 మి.మీ.) కలపండి. 225/45 ఆర్17 అయితే 202.5 + 431.8 = 634.3 మి.మీ.

ఈ కారును 18 అంగుళాలకు మారుస్తున్నారనుకోండి. 225/40 ఆర్18 వ్యాసం 637.2, తేడా అర శాతం. 235/40 ఆర్18 అయితే 645.2, అంటే 1.7 శాతం ఎక్కువ. 245/40 ఆర్18 అయితే 653.2, దాదాపు 3 శాతం. 255/35 ఆర్18 మాత్రం 635.7, చాలా దగ్గర. 3 శాతం లోపు ఉంటే చాలనే మాట అందరూ అంటారు. స్పోర్ట్స్ కారుకు మాత్రం ఒకటిన్నర శాతం దాటకపోవడం మేలని మా అభిప్రాయం. టైరు ఎత్తు పెరిగితే గేర్లు ఆ మేరకు పొడుగైనట్టే, కారు అందుకోవడం మందగిస్తుంది. ఫెండర్‌లో చోటు తగ్గుతుంది. స్పీడోమీటర్లు సాధారణంగా అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపిస్తాయి. ఎత్తైన టైరు ఆ వెసులుబాటును తినేస్తుంది. ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ కూడా చక్రాల వేగం మీదే ఆధారపడి పనిచేస్తాయి.

రిమ్ వెడల్పు ఎంత ఉండాలి?

ప్రతి టైరు సైజుకూ అనుమతించిన రిమ్ వెడల్పుల శ్రేణి ఉంటుంది, తయారీదారు పట్టికలో దొరుకుతుంది. 225/45 ఆర్17 కు 7 నుంచి 8.5 అంగుళాలు. 225/40 ఆర్18 కు 7.5 నుంచి 9. 245/40 ఆర్18 కు 8 నుంచి 9.5. 255/35 ఆర్18 కు 8.5 నుంచి 10. రిమ్ అర అంగుళం పెరిగితే టైరు వెడల్పు సుమారు 5 మి.మీ. పెరుగుతుంది.

శ్రేణిలో ఎక్కడ ఉన్నామన్నది కారు నడకలో తెలుస్తుంది. ఇరుకు రిమ్ మీద వెడల్పు టైరు వేస్తే పక్క గోడలు లోపలికి ముడుచుకుంటాయి. స్టీరింగ్ తిప్పినప్పుడు మొదట పక్క గోడ వంగుతుంది, ఆ తర్వాతే కారు తిరుగుతుంది. ట్రెడ్ మధ్యలో ఉబ్బి, అంచులు పూర్తిగా ఆనవు. అంత ఖర్చుపెట్టి వేసిన వెడల్పు వృథా. టైరు వెడల్పు కొలిచేటప్పుడు వాడే నిర్ణీత రిమ్ వెడల్పు గానీ, దానికి అర అంగుళం ఎక్కువ గానీ తీసుకుంటే స్టీరింగ్ స్పందన చురుగ్గా ఉంటుంది. 245 టైరుకు 8.5 లేదా 9 అంగుళాల రిమ్ బాగా కుదురుతుంది. 8 మీద 245 వేయడం కంటే 8 మీద 225 వేయడం మేలు.

రూపం కోసం సన్న టైరును వెడల్పు రిమ్ మీదికి సాగదీసి ఎక్కించడం ప్రమాదకరం. మలుపులో పక్కబలం పడినప్పుడు, గుంతలో దిగినప్పుడు బీడ్ (రిమ్‌ను పట్టుకునే టైరు లోపలి అంచు) రిమ్ అంచు నుంచి జారిపోయే అవకాశం పెరుగుతుంది. రిమ్ అంచుకు రక్షణ కూడా ఉండదు.

వెడల్పు పెంచితే గ్రిప్ పెరుగుతుందా?

కొంతవరకే, అదీ పరిస్థితులను బట్టి. నేలకు ఆనే జాగా ప్రధానంగా ఆ చక్రం మీది బరువును గాలి పీడనంతో భాగిస్తే వచ్చేదానికి దగ్గరగా ఉంటుంది. 1,300 కిలోల కారులో ఒక్కో చక్రానికి సగటున 325 కిలోలు. 32 పీఎస్ఐ గాలితో అది సుమారు 145 చదరపు సెంటీమీటర్లు. వెడల్పు పెంచితే ఈ జాగా పెద్దగా పెరగదు, ఆకారం మారుతుంది: అడ్డంగా వెడల్పై, పొడుగు తగ్గుతుంది. మలుపులో పక్కబలానికి ఈ ఆకారం అనుకూలమే. ఎక్కువ రబ్బరు మీద వేడి పంచుకోవడం వల్ల వరసగా గట్టిగా నడిపినా టైరు త్వరగా అలిసిపోదు.

మూల్యం కూడా ఉంది. వెడల్పాటి, పొట్టి జాగా నీటిని చీల్చుకుని వెళ్లలేదు, పైకి తేలే గుణం పెరుగుతుంది. బరువు, గాలి నిరోధం పెరుగుతాయి. రోడ్డు మీది పొడుగు గాడుల వెంట స్టీరింగ్ తనంతట తాను లాగుతుంది. తేలికైన కారులో వెడల్పాటి టైరు పని వేడికి చేరనే చేరదు. మాజ్దా ఎంఎక్స్-5 నాలుగో తరం కారుకు తయారీదారు 195/50 ఆర్16, 205/45 ఆర్17 సైజులు మాత్రమే ఎంచుకోవడానికి కారణం ఖర్చు మిగుల్చుకోవడం కాదు, ఆ బరువుకు అవి చాలు. మంచి కాంపౌండ్ (రబ్బరు మిశ్రమం) ఉన్న 225 టైరు, నాసిరకం 255 కంటే పొడిలోనూ తడిలోనూ బాగా పట్టుకుంటుంది. డబ్బు ముందు కాంపౌండ్ మీద పెట్టండి. వెడల్పు 10 నుంచి 20 మి.మీ. పెంచితే రోడ్డు కారుకు చాలు.

ఆఫ్‌సెట్, బోల్ట్ ప్యాటర్న్, సెంటర్ బోర్‌లలో ఏం చూడాలి?

టైరు ఎంత మంచిదైనా ఈ మూడింటిలో ఒకటి తప్పితే కారు నడవదు, లేదా నడిచినా ఎక్కడో రాసుకుంటుంది.

ఆఫ్‌సెట్ అంటే రిమ్ మధ్య గీత నుంచి హబ్‌కు (చక్రం బిగించే కారు మధ్య భాగానికి) ఆనే ముఖం ఎంత బయటికి ఉందో తెలిపే కొలత. రిమ్ మీద ఈటీ45 అని ఉంటే 45 మి.మీ. ఈ అంకె తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది. పాత రిమ్ 7.5 అంగుళాలు ఈటీ50, కొత్తది 8.5 అంగుళాలు ఈటీ45 అనుకోండి. వెడల్పు తేడా 25.4, అందులో సగం 12.7 మి.మీ. చక్రం 5 మి.మీ. బయటికి జరిగింది. కాబట్టి రిమ్ బయటి అంచు 12.7 + 5 = 17.7 మి.మీ. ముందుకొస్తుంది, లోపలి అంచు 12.7 − 5 = 7.7 మి.మీ. సస్పెన్షన్ వైపు వెళుతుంది. ఇది రిమ్ లెక్క. రాసుకునేది టైరు కాబట్టి టైరు లెక్క కూడా విడిగా వేయాలి. 225 నుంచి 245కు మారితే ఒక్కో పక్క 10 మి.మీ. పెరుగుతుంది, ఆఫ్‌సెట్ తేడా 5. టైరు బయట 15, లోపల 5 మి.మీ. జరుగుతుంది.

ఈ అంకెలు పట్టుకుని కారు దగ్గరికి వెళ్లండి. లోపల స్ట్రట్‌కూ (షాక్ అబ్జార్బర్ స్తంభానికీ) టైరుకూ మధ్య కనీసం 5 మి.మీ. మిగలాలి. బయట, సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఫెండర్ అంచు చూడాలి. ముందు చక్రాలను రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఫెండర్ లోపలి లైనర్‌కు తగులుతుందేమో చూడాలి. నిలబెట్టిన కారులో చోటు బాగానే కనిపిస్తుంది. నిజంగా తగిలేది మనుషులెక్కి, మలుపులో ఒక పక్కకు ఒరిగి, గుంతలో దిగినప్పుడు. కారు కిందికి దించి ఉంటే ఇంకా జాగ్రత్త.

వ్యాసం సరిపోయినా స్పోక్‌లు బ్రేక్ కాలిపర్‌కు (డిస్క్‌ను నొక్కే భాగానికి) తగలవచ్చు, ముఖ్యంగా పెద్ద బ్రేకులున్న వేరియంట్లలో. రిమ్ అమ్మేవాళ్ల దగ్గర కాలిపర్ ఆకారానికి కాగితం నమూనా ఉంటుంది. ప్రింట్ తీసి కత్తిరించి ఆనించి చూడండి.

బోల్ట్ ప్యాటర్న్ అంటే బోల్టుల సంఖ్య, అవి ఉండే వృత్తం వ్యాసం మి.మీ.లో. దగ్గరి అంకెలతో మోసపోవద్దు. 5×112 రిమ్‌ను 5×114.3 హబ్‌కు లాగి బిగిస్తే బోల్టులు వంకరగా కూర్చుంటాయి, కొంతకాలానికి వదులై విరుగుతాయి. సెంటర్ బోర్ (రిమ్ మధ్య రంధ్రం) పెద్దదైతే పర్వాలేదు, ఆ ఖాళీ నింపే హబ్ రింగ్ వేయాలి. టయోటా జీఆర్86, సుబారు బీఆర్‌జెడ్ హబ్ 56.1 మి.మీ.; మార్కెట్ రిమ్‌లు చాలావరకు 73.1 బోర్‌తో వస్తాయి. రింగ్ లేకుండా బిగిస్తే చక్రం మధ్యకు సరిగా కూర్చోక, ఎంత బ్యాలెన్స్ చేసినా హైవే వేగంలో వణుకు వస్తుంది.

17, 18, 19 అంగుళాల్లో ఏది మంచిది?

బ్రేకులు పట్టేంత చిన్నది, మీకు కావలసిన టైరు దొరికేంత పెద్దది. చక్రం పెరిగే కొద్దీ బరువు పెరుగుతుంది, పక్క గోడ సన్నబడుతుంది, గుంతలో రిమ్ వంగే అవకాశం పెరుగుతుంది. 225/45 ఆర్17 పక్క గోడ 101 మి.మీ., అదే 255/35 ఆర్19 లో 89. స్పందన చురుగ్గా ఉంటుంది నిజమే, కానీ ఎగుడుదిగుడు రోడ్డు మీద సన్న గోడ టైరు నేలను వదిలి ఎగురుతుంది. అప్పుడు గ్రిప్ ఉండదు.

పెర్ఫార్మెన్స్ టైర్లలో రకాలు ఏమిటి? నాకు ఏది?

రోడ్డు మీద చట్టబద్ధంగా వాడదగినవాటిని నాలుగు మెట్లుగా చూడవచ్చు. కింది మెట్టు నుంచి పైకి వెళ్లే కొద్దీ పొడి గ్రిప్ పెరుగుతుంది, మన్నిక, సౌకర్యం తగ్గుతాయి.

మొదటిది ఏడాది పొడవునా వాడే పెర్ఫార్మెన్స్ ఆల్ సీజన్. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4, కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ డీడబ్ల్యూఎస్ 06 ప్లస్ ఈ కోవలోవి. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడే చోట, ఒకే సెట్ టైర్లతో గడపాలంటే ఇవి.

రెండోది గరిష్ఠ పెర్ఫార్మెన్స్ సమ్మర్ టైర్లు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్, కాంటినెంటల్ స్పోర్ట్‌కాంటాక్ట్ 7, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా స్పోర్ట్, గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1 అసిమెట్రిక్ 6. రోజూ నడిపే స్పోర్ట్స్ కారుకు నూటికి తొంభై మందికి ఇదే సరైన జవాబు. వానలో నమ్మకంగా ఆగుతాయి, శబ్దం భరించదగ్గది, పొడిలో రోడ్డు మీద వాడుకోగలిగిన దానికంటే ఎక్కువ గ్రిప్ ఉంటుంది.

మూడోది 200 ట్రెడ్‌వేర్ (అరుగుదల రేటింగ్, కింద చెప్పాం) తరగతి. బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్ఈ-71ఆర్ఎస్, యోకోహామా అడ్వాన్ నియోవా ఏడీ09, ఫాల్కెన్ అజెనిస్ ఆర్‌టీ660, హాంకుక్ వెంటస్ ఆర్ఎస్4. ఆటోక్రాస్ (కోన్ల మధ్య సమయంతో పోటీ), ట్రాక్ రోజులు ఉన్నవాళ్లకు. రోడ్డు మీద ఇవి హోరెత్తుతాయి, రాళ్లు ఏరుకుని ఫెండర్ లోపల చిమ్ముతాయి, త్వరగా అరుగుతాయి, నిలిచిన నీటిలో బెదురు పుట్టిస్తాయి.

నాలుగోది టోయో ప్రోక్సెస్ ఆర్888ఆర్ లాంటి ట్రాక్ టైర్లు. రోడ్డు అనుమతి ముద్ర ఉంటుంది, అయినా కొత్తగా ఉన్నప్పుడే ట్రెడ్ సుమారు 5 మి.మీ. మాత్రమే. రోజువారీ కారుకు వద్దు. ట్రాక్ మోజుంటే రెండో సెట్ రిమ్‌లు కొనుక్కుని వాటి మీద వేయండి. ఒకే సెట్‌తో రెండు పనులూ చేయించుకోబోతే రెండింటా రాజీ పడాలి.

ట్రెడ్‌వేర్ 200, 300 అంకెలను ఎంత నమ్మవచ్చు?

పోలికకు మాత్రమే, అదీ ఒకే కంపెనీ టైర్ల మధ్య. ఈ రేటింగ్ అమెరికా ప్రభుత్వ పద్ధతి. పోలిక కోసం పెట్టుకున్న ప్రామాణిక టైరుతో కలిపి నిర్ణీత రోడ్డు మీద 7,200 మైళ్లు, అంటే సుమారు 11,600 కి.మీ. నడిపి అరుగుదల పోలుస్తారు. 200 అంటే 100 టైరుకు రెట్టింపు మన్నిక అని భావం. కానీ పరీక్ష ఫలితం చూసుకుని అంకె ముద్రించేది తయారీదారే, అసలు ఫలితం కంటే తక్కువ వేసుకునే వీలుంది. ఆటోక్రాస్ పోటీల్లో 200 కంటే తక్కువ ఉన్నవాటిని చాలా తరగతుల్లో అనుమతించరు కాబట్టి, రకరకాల మన్నిక ఉన్న టైర్లన్నీ ఆ ఒక్క అంకె దగ్గర గుమిగూడాయి.

పక్కనే ఏఏ, ఏ, బి అని ఉండే ట్రాక్షన్ అక్షరం తడి రోడ్డు మీద తిన్నగా వెళ్తూ చక్రం లాక్ చేసి తీసిన కొలత. మలుపులో పట్టు గురించి అది ఏమీ చెప్పదు.

సమ్మర్ టైరు చలిలో వాడకూడదంటారు, నిజమేనా?

నిజం. సమ్మర్ కాంపౌండ్ 7 డిగ్రీల సెల్సియస్ కంటే కింద గట్టిపడటం మొదలవుతుంది. రోడ్డు పొడిగా ఉన్నా చల్లని ఉదయం మొదటి మలుపులో కారు జారుతుంది, బ్రేకు దూరం పెరుగుతుంది. గడ్డకట్టే చలి దాటి ఇంకా కిందికి, సుమారు మైనస్ 7 కంటే తగ్గితే రబ్బరు పెళుసుబారి ట్రెడ్ గాడుల్లో పగుళ్లు రావచ్చు. ఆ చలిలో కారు కదిలించకూడదు, టైర్లు బిగించనూకూడదు. వెచ్చని గదిలో కనీసం ఒక రోజు ఉంచి అప్పుడు బిగించాలి. ఈ పగుళ్లకు వారంటీ సాధారణంగా వర్తించదు.

వానలో ఏ లక్షణం ముఖ్యం?

మూడు కలిసి పనిచేస్తాయి. కాంపౌండ్‌లో సిలికా ఎక్కువ ఉన్న టైరు తడి తారు మీద పట్టుకుంటుంది. చుట్టూ తిరిగే లోతైన పొడుగు గాడులు నిలిచిన నీటిని బయటికి పంపుతాయి. మూడోది మీ చేతిలో ఉన్నది: మిగిలిన ట్రెడ్ లోతు. చాలా దేశాల్లో చట్టపరమైన కనీస లోతు 1.6 మి.మీ. వానలో నడిపే స్పోర్ట్స్ కారుకు 3 మి.మీ. దగ్గరే టైరు మార్చాలి. ఆ లోతు కింద వెడల్పాటి టైరు నీటి మీద తేలడం చాలా త్వరగా మొదలవుతుంది. అందులోనూ తేలిక కారు, వెడల్పు టైరు కలిసినప్పుడు హెచ్చరిక కూడా ఉండదు, స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది.

యూరప్ లేబుల్‌లో తడి పట్టుకు ఏ నుంచి ఈ వరకు అక్షరం ఉంటుంది. అది చూడండి, కానీ అది కొత్త టైరుది మాత్రమే.

బరువు సూచిక, ఎక్స్‌ఎల్ అంటే ఏమిటి? గాలి ఎక్కువ పెట్టాలా?

సన్న పక్క గోడ టైరులో గాలి పరిమాణం తక్కువ. అదే బరువు మోయాలంటే పీడనం పెరగాలి. ఎక్స్‌ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్) టైరు దానికోసం బలపరిచినది. సాధారణ టైరు తన సూచిక బరువును 250 కిలోపాస్కల్స్, అంటే 36 పీఎస్ఐ దగ్గర మోస్తుంది. ఎక్స్‌ఎల్ 290 కిలోపాస్కల్స్, అంటే 42 పీఎస్ఐ దగ్గర.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 225/45 ఆర్17 సాధారణ టైరు సూచిక 91, ఎక్స్‌ఎల్ ది 94. ఎక్స్‌ఎల్ అనగానే అన్ని పీడనాల దగ్గరా ఎక్కువ మోస్తుందనుకుంటారు. 36 పీఎస్ఐ దగ్గర అది సాధారణ టైరు కంటే కొంచెం తక్కువే మోస్తుంది. కాబట్టి సాధారణ టైరు నుంచి అదే సైజు ఎక్స్‌ఎల్ కు మారితే తలుపు స్టిక్కర్ మీది అంకెకు 1 నుంచి 2 పీఎస్ఐ కలపండి.

టైరు మీద నక్షత్రం, ఎన్0, ఎంఓ లాంటి గుర్తులేమిటి?

కారు కంపెనీ తన కారుకు తగ్గట్టు సరిదిద్దించిన రూపమని. నక్షత్రం బీఎండబ్ల్యూ, ఎన్ అక్షరంతో అంకె పోర్షే, ఎంఓ మెర్సిడెస్, ఏఓ ఆడి. పేరు ఒకటే అయినా కాంపౌండ్, లోపలి కట్టు వేరుగా ఉండవచ్చు. గుర్తు లేని టైరు వేస్తే కారు చెడిపోదు. అయితే నాలుగూ ఒకే రకంవి వేయాలి. ముందు గుర్తున్నవి, వెనక లేనివి కలిపితే నడక అస్తవ్యస్తమవుతుంది.

ముందూ వెనకా వేర్వేరు సైజులు వేయవచ్చా?

కారు అలా పుట్టి ఉంటే అలాగే ఉంచండి. 992 తరం పోర్షే 911 కరేరాకు ముందు 235/40 ఆర్19, వెనక 295/35 ఆర్20. ఇంజిను బరువు వెనక ఉంది కాబట్టి ఆ తేడా అవసరం. నాలుగూ సమానంగా పుట్టిన కారుకు వెనక మాత్రమే వెడల్పు చేస్తే ముందు భాగం మలుపులో బయటికి జారే గుణం పెరుగుతుంది. టైర్లను ముందు వెనకలు మార్చుకునే వీలు కూడా పోతుంది. చూడ్డానికి బాగుంటుందని చేసే ఈ మార్పు మంచి కారు సమతూకాన్ని పాడుచేస్తుంది.

నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే కార్లలో చుట్టుకొలతలు సరిపోవడం తప్పనిసరి. సుబారు అనుమతించేది పావు అంగుళం, అంటే చుట్టుకొలతలో సుమారు 6 మి.మీ. తేడా. ట్రెడ్ లోతులో అది 1 మి.మీ. అంతకు మించితే సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) ఎప్పుడూ పనిచేస్తూ వేడెక్కుతుంది. అందుకే ఒక టైరు పాడైనా నాలుగూ మార్చాల్సి రావచ్చు.

తయారీ తేదీ ఎక్కడ ఉంటుంది? ఎంత పాతది కొనవచ్చు?

డాట్ అనే ముద్ర పక్కన వచ్చే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు. 1824 అంటే 2024లో 18వ వారం. చల్లని, చీకటి గోడౌన్‌లో ఉంచిన టైరు ఏడాది పాతదైనా ఇబ్బంది లేదు. రెండేళ్లు దాటినదాన్ని పూర్తి ధరకు కొనవద్దు. నాలుగు టైర్ల తేదీలూ చూడండి, పూర్తి కోడ్ కొన్నిసార్లు లోపలి పక్క మాత్రమే ఉంటుంది. వాడకంలో ఐదేళ్లు దాటితే ఏటా తనిఖీ చేయించాలి. ట్రెడ్ ఎంత మిగిలినా పదేళ్లకు తీసేయాల్సిందే.

బిగించేటప్పుడు దగ్గరుండి ఏం చూడాలి?

బాణం గుర్తున్న టైరు తిరిగే దిశలో ఉండాలి. రెండు పక్కలూ వేరుగా ఉండే టైరుకు బయటి పక్క అని ముద్ర ఉంటుంది, అది బయటికే కనిపించాలి. పసుపు చుక్క ఉంటే వాల్వ్ దగ్గరికి తెస్తే తక్కువ బరువులతో బ్యాలెన్స్ అవుతుంది. సన్న గోడ టైరుకు, లోహం రిమ్‌ను తాకకుండా టైరు ఎక్కించే, సహాయక చేతులున్న యంత్రం ఉన్న షాపు కావాలి. లేకపోతే రిమ్ అంచు గీసుకుంటుంది, లోపలి బీడ్ తెగుతుంది. వణుకు పోకపోతే మామూలు బ్యాలెన్సింగ్ సరిపోదు, రోడ్ ఫోర్స్ యంత్రం మీద చూపించండి. టైరు గట్టిదనంలో ఉన్న అసమానతను అది పట్టుకుంటుంది.

గాలి పీడనం సెన్సర్లు కొత్త రిమ్‌లోకి మార్చాలి. కొత్తవి కొంటే 315 మెగాహెర్ట్జా, 433 మెగాహెర్ట్జా అన్నది కారుతో సరిపోవాలి.

నట్ల విషయం చిన్నదిగా కనిపిస్తుంది, చక్రం ఊడిపోయేది దానివల్లే. మార్కెట్ రిమ్‌లలో ఎక్కువ వాటికి 60 డిగ్రీల శంకువు ఆకారపు కూర్పు (నట్ ఆనే చోటు) ఉంటుంది. హోండా, పోర్షే అసలు నట్లు, బోల్టులు గుండ్రని కూర్పువి. ఒకదానికి ఇంకొకటి వాడితే సన్నని గీత మీద మాత్రమే ఆని, త్వరలో వదులవుతుంది. మర పిచ్ కూడా చూడండి: సుబారు ఎం12×1.25, హోండా, మాజ్దా ఎం12×1.5. తప్పు నట్ రెండు చుట్లు ఎక్కి ఆగుతుంది, అక్కడ ఎయిర్ గన్ వాడితే స్టడ్ పోతుంది. చేత్తో చివరిదాకా తిప్పి, తర్వాత నక్షత్ర క్రమంలో టార్క్ రెంచ్‌తో బిగించండి. ఎంత బిగించాలన్నది కారు పుస్తకంలో ఉంటుంది. జీఆర్86, బీఆర్‌జెడ్ లకు 120 న్యూటన్ మీటర్లు. 80 నుంచి 100 కి.మీ. తిరిగాక మళ్లీ టార్క్ చూడాలి, కొత్త అల్యూమినియం కొద్దిగా అణుగుతుంది.

కొత్త టైర్ల మీద మొదటి రోజే గట్టిగా నడపవచ్చా?

వద్దు. ట్రెడ్ మీద తయారీలో మిగిలిన జారుడు పొర ఉంటుంది, పూర్తి లోతున్న కొత్త దిమ్మెలు కూడా కదలాడతాయి. 300 నుంచి 500 కి.మీ. నెమ్మదిగా నడపండి. మొదటి 24 గంటలు గట్టి బ్రేకు, ఒక్కసారిగా యాక్సిలరేషన్ అసలే వద్దు: బిగించినప్పుడు రాసిన సబ్బు ఆరకముందే రిమ్ మీద టైరు తిరిగిపోతుంది, బ్యాలెన్స్ పోతుంది. వాల్వ్ ఎదురుగా టైరు మీద సుద్దతో గీత పెడితే తిరిగిందో లేదో తెలుస్తుంది. ట్రెడ్ మీద మెరుగు నూనెలు పూయకండి.

గాలి ఎంత పెట్టాలి?

తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నదానితో మొదలుపెట్టండి, చల్లగా ఉన్నప్పుడు, అంటే కనీసం మూడు గంటలు ఆగి ఉన్నప్పుడు కొలవండి. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ పీడనం మీరు పెట్టాల్సిన అంకె కాదు. బయటి ఉష్ణోగ్రత ప్రతి 5–6 డిగ్రీలకూ పీడనం సుమారు 1 పీఎస్ఐ మారుతుంది. ఎండలో పెట్టిన అంకె చలికాలానికి సరిపోదు.

సైజు మార్చినప్పుడు స్టిక్కర్ అంకె గుడ్డిగా పనిచేయదు, బరువు పట్టిక చూసి సరిచేయాలి. ఆపై 1 పీఎస్ఐ చొప్పున సర్దుకుంటూ చూడండి. ట్రెడ్ మధ్యలో ఎక్కువ అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే తక్కువ. సన్న గోడ టైరులో తక్కువ గాలితో గుంతలో దిగితే గోడ రిమ్‌కూ రాయికీ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి, కొన్ని రోజులకు ఉబ్బు కనిపిస్తుంది. ఉబ్బు వచ్చిన టైరు మీద ఒక్క కిలోమీటరు కూడా నడపకండి.

అలైన్‌మెంట్ మార్చాలా?

కొత్త రిమ్, కొత్త సైజు వేసినప్పుడు తప్పకుండా చూపించాలి. రోడ్డు మీద చురుగ్గా నడిపే కారుకు ముందు కాంబర్ (నిలువు నుంచి చక్రం వంపు) మైనస్ 1.5 నుంచి మైనస్ 2 డిగ్రీలు, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సున్నాకు దగ్గర, వెనక కొద్దిగా లోపలికి టో సరిపోతాయి. లోపలి అంచు తినేస్తోందని అందరూ కాంబర్‌ను నిందిస్తారు. ఎక్కువసార్లు దోషి టో: టైరు ప్రతి చుట్టులోనూ పక్కకు ఈడ్చుకుపోతుంది కాబట్టి కాంబర్ కంటే వేగంగా అరుగుతుంది. లోపలి అంచు నిలబడి చూస్తే కనిపించదు, నెలకోసారి స్టీరింగ్ చివరిదాకా తిప్పి టార్చితో చూడండి.

పంక్చర్ అయితే అతికించవచ్చా?

ట్రెడ్ మధ్య భాగంలో, 6 మి.మీ. మించని రంధ్రమైతే, టైరు విప్పి లోపలి నుంచి ప్లగ్, ప్యాచ్ కలిసిన ముక్కతో అతికించవచ్చు. బయటి నుంచి గుచ్చే దారం ప్లగ్ ఇంటికి చేరడానికి మాత్రమే, ఈ వేగాల టైరుకు శాశ్వత మరమ్మతు కాదు. భుజం మీద, పక్క గోడలో పడితే టైరు మార్చాల్సిందే. గాలి లేకుండా కాస్త దూరం నడిపి ఉంటే లోపల గోడ చుట్టూ రబ్బరు పొడి, నలిగిన గీత కనిపిస్తాయి. అలాంటి టైరుకు రంధ్రం ఎంత చిన్నదైనా అతికించవద్దు.

జత మార్చాల్సి వస్తే కొత్త రెండూ వెనక ఇరుసుకు వేయండి, సైజు ఒకటే అయితే. తడి రోడ్డు మీద వెనక భాగం ముందుగా జారితే సర్దుకోవడం చాలా కష్టం.